తువ్వాలు కింద చెయ్యి

మధ్యాహ్నం రెండు దాటింది. తాయమ్మ ట్రాక్టరు తొట్టిలో చెయ్యి దూర్చి అడుగున ఉన్న కాయను తడిమి చూసింది. మెత్తబడింది. నిన్న తెల్లవారకముందే రాయల్పాడులో కోయించి ఎక్కించిన తోతాపురి మామిడి. ఇంకో పూట నిలిస్తే నీరు కారుతుంది.

గౌనిపల్లి దారిలోని సుబ్బరాయప్ప మండీలో ఆమె తర్వాత వచ్చిన బళ్లు కూడా అమ్ముకుని వెళ్లిపోయాయి. ఆమె బండి కదలకపోవడానికి కారణం కాయ కాదు, చెయ్యి. ఆ మండీలో ధర నోటితో చెప్పరు. వ్యాపారీ రైతూ చేతులు కలిపితే పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకుని బేరమాడతారు. టన్నుకు వెయ్యి మీద ఒక్కో వేలూ ఒక్కో వంద. ఈ బండి ధర ఆ బండివాడికి తెలియదు. ఆడమనిషి చేతిని పరాయి మగవాడు అలా పట్టుకోకూడదు కనుక, ఆమె తన తరఫున ఒక మగవాణ్ణి తెచ్చుకోవాలి. తాయమ్మ మొగుడు మునియప్ప పోయి ఏడు నెలలయింది.

"నోటితో అడగప్పా, నోటితో చెప్తాను," అంది తాయమ్మ మళ్లీ.

"దేవుడు దిగొచ్చినా నా మండీలో చెయ్యి తువ్వాలు కిందకే," అన్నాడు సుబ్బరాయప్ప. "మొగోణ్ణి పిల్చుకొని రామ్మా. ఊర్లో అందరూ చచ్చిపోయినారా?"

ట్రాక్టరు డ్రైవరు చిన్నవెంకటప్ప బీడీ పారేసి వచ్చాడు. "అక్కా, నా చెయ్యి పెడతాను రా. ఇంగో దినమైతే బాడుగ నూటయాభై ఎక్కువయితాది."

"నీ చేతికి స్టీరింగు తెలుసు నాయనా, మామిడికాయ తెలుసునా? గమ్మున కూకో. ఓబలప్పన్న వస్తాడంట గదా, చూస్తాము."

ఎమ్మెల్యే ఓబలప్ప ఆ రోజు మండీ కొత్త రేకుల షెడ్డు ప్రారంభించడానికి వస్తున్నాడు. తాయమ్మకు అతను ఎమ్మెల్యే కాకముందు నుంచీ తెలుసు. పదహారేళ్ల కిందట ఇదే మండీలో ఓబలప్ప, మునియప్ప ఒకే బండి మీద కాయ తెచ్చారు. బేరం సగంలో ఉండగా మునియప్ప తువ్వాలు లాగి పారేశాడు. ఓబలప్ప బండెక్కి ధర అందరికీ వినబడేలా అరిచాడు. లాగినవాడి కాయను ఆ ఏడు ఏ మండీలోనూ కొనలేదు. అరిచినవాడు నాయకుడయ్యాడు.

మునియప్ప బంగారుపేటలో రైలెక్కి కోలారు గనికి వెళ్లాడు. సర్కారు గని, జీతం తప్పదన్నారు. జీతం తప్పలేదు. పన్నెండేళ్ల తర్వాత దగ్గుతో తిరిగి వచ్చాడు.

మొదట్లో ఓబలప్ప మాట నిజమే. దుక్కి వదిలి సైకిలు మీద ఊరూరా తిరిగాడు. తాయమ్మ ఇంట్లో రాగి సంగటి తిని, అరికాళ్ల పగుళ్లకు ఆముదం అడిగి రాసుకునేవాడు. ధర బహిరంగంగా పలికేదాకా నిద్రపోనన్నాడు. తాలూకా బోర్డు సభ్యుడయ్యాడు, తర్వాత రెండుసార్లు ఎమ్మెల్యే. రెండో ఎన్నికకు తిరిగిన జీపు సుబ్బరాయప్పది.

ఆ జీపే మూడింటికి వచ్చింది. రిబ్బను కత్తిరించి ఓబలప్ప మాట్లాడాడు.

"ఈ తావులోనే, ఈ చేతితోనే, ఆ పొద్దు నేను తువ్వాలు పెరికి పారేసినాను!"

చప్పట్లు కొట్టారు. తాయమ్మ తన చేతికంటిన మామిడి సొనను కొంగుతో తుడుచుకుంది. ఎంత తుడిచినా పోలేదు.

వేదిక దిగి వస్తూ అతనే ఆమెను గుర్తుపట్టాడు.

"తాయమ్మా! మునియప్ప పోయినాడని తెలిసి కన్నీళ్లు పెట్టుకున్యాను. బెంగుళూరులో ఉండాను, రాలేకపోయినాను."

"రెండు దినాలాయెన్నా, బండి నిలబడి. ధర నోటితో చెప్పమని ఒక్క మాట చెప్పు."

"దానికి చట్టం రావాల. కాగితాలు పైన ఉండాయి."

"నువ్వు పైన లేవా అన్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓబలప్ప కూడా నవ్వాడు. "నీకు మొగదిక్కు లేదని ఎవరన్నారు? నేను లేనా?" అని, ఆమె ఏదో అనేలోగా సుబ్బరాయప్ప చెయ్యి అందుకున్నాడు. ఎవరో తువ్వాలు కప్పారు.

"అన్నా, పదహైదు నూర్లకు తగ్గితే కోత కూలి గూడా రాదు!"

"నాకు తెలీదా తల్లీ? నేనూ రైతునే."

తువ్వాలు రెండుసార్లు కదిలింది. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఒకే పనిని చాలాసార్లు కలిసి చేసినవాళ్లలా ఎటో చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఓబలప్ప తల ఊపాడు.

"అయిపాయ. మంచి ధర ఇప్పించినాను పో."

"ఎంత?"

"లోపల చీటీ రాసిస్తారులే."

"ఎంతన్నా?"

తాయమ్మ రెండడుగులు ముందుకు వేసి తువ్వాలు లాగేసింది.

ఎండలో రెండు చేతులు బయటపడ్డాయి. సుబ్బరాయప్ప పిడికిట్లో ఓబలప్ప వేళ్లు మూడున్నాయి. చుట్టూ ఉన్న రైతులందరికీ ఆ లెక్క తెలుసు. ఓబలప్ప చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు కానీ, సుబ్బరాయప్ప వెంటనే వదల్లేదు.

"ఇప్పుడు అరుచన్నా," అంది తాయమ్మ. "ఆ పొద్దు బండెక్కి అరిచినావే. పదమూడు నూర్లని అరుచు."

ఓబలప్ప చెయ్యి విడిపించుకుని జీపు వైపు తిరిగాడు.

ఆమె తువ్వాలు తిరిగి ఇవ్వలేదు. భుజాన వేసుకుని ట్రాక్టరు దగ్గరికి నడిచింది.

"బండి తిప్పు, చిన్నవెంకటప్పా."

"యాడికక్కా? ఏ మండీలోనూ కొనరింగ."

"తెలుసు. ముందు తిప్పు."

ఇంజను అందుకుంది. తొట్టి సందుల్లోంచి కాయల నీరు మట్టిలోకి చుక్కలుగా కారింది. సుబ్బరాయప్ప ఏమీ జరగనట్టు తర్వాతి బండివైపు తిరిగి, చెయ్యి చాచాడు.

ఆ బండి గౌనిపల్లి నరసింహప్పది. ఆయన భుజాన తువ్వాలు ఉంది. ఆయన దాన్ని తీయలేదు. చాచిన చేతిని చూస్తూ, తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.