ఒకటో తారీఖు సంతకం

"ఈ నెల వానలెక్కువ, డెంగీ వస్తుంది, నీటి తొట్లు ఖాళీ చేయించండి" అన్న నెలవారీ వాతావరణ సూచన ఆరోగ్య కేంద్రం నర్సుకి ఇరవై ఎనిమిదో తారీఖున అందింది. అప్పటికే మంచానికిద్దరు పిల్లలు జ్వరంతో మూలుగుతున్నారు. వాళ్లలో ఒకడు ఆమె చెల్లెలి కొడుకు.

"ఒకటో తారీఖునే అందినట్టు సంతకం పెట్టమ్మా, తనిఖీ ఉంది" అన్నాడు కాగితం తెచ్చిన గుమాస్తా.

"ఇన్నాళ్లూ ఇదెక్కడ పడుకుంది బాబూ?"

"పెద్దసారు సంతకం కావాలిగా. ఆయన నిన్నటిదాకా సెలవులో ఉన్నారు."

"దోమలు సెలవు పెట్టలేదే!"

"నీకెందుకమ్మా గొడవ? ఉద్యోగం చూసుకో."

ఒకటో తారీఖు వేస్తే, హెచ్చరిక అందినా మొద్దునిద్ర పోయింది తనే అవుతుంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఇరవై ఎనిమిది అని అక్షరాల్లో రాసి, పక్కనే నలభై ఒక్కమంది పిల్లలు మంచాన పడ్డారని రాసి, సంతకం గీకింది.

"తీసుకెళ్లు. దీన్నైనా మీ పెద్దసారుని మళ్లీ సెలవు పెట్టకముందే చదవమను!"