గంగబాబు గారి మూడు పులులు

ముక్తేశ్వరంలో గురువారం సాయంత్రం ఆరు దాటేసరికి కొబ్బరి గొడౌను మేడమీద దీపాలు వెలుగుతాయి. కింద ఒలిచిన కాయల వాసన, పైన క్యారంబోర్డు టకటకలు. మెట్ల దగ్గర విడిచిన చెప్పులు చూస్తే చాలు, లోపల ఎవరెవరున్నారో లక్ష్మీతులసికి తెలిసిపోతుంది. ఎప్పుడూ గోడవైపు జాగ్రత్తగా సర్ది ఉండే తోలుచెప్పులు గంగబాబు గారివి. ఈ మధ్య అవి ఒకటి ఒక మెట్టు మీద, ఒకటి ఇంకో మెట్టు మీద ఉంటున్నాయి.

ఆ ఆటల క్లబ్బు పెట్టినవాడు నాగదుర్గాప్రసాద్. కింది గొడౌను అతని మేనమామది. హైదరాబాదులో ఎక్కడో కాఫీ తాగుతూ రకరకాల ఆటలు ఆడుకునే చోటు చూసి, ముచ్చటపడి, నాలుగు రంగుల పెట్టెలు కొనుక్కుని వచ్చాడు. దీవుల మీద ఊళ్ళు కట్టే ఆట ఒకటి తెరిచి రెండు వారాలు నేర్పించాడు. "ఇదేం దీవండీ బాబూ, గొర్రెనిస్తే ఇటికలిస్తారంట!" అని ఆట నేర్చుకోడానికొచ్చిన అమ్మాజీ గారు లేచిపోయారు. మరుసటి వారం ఆవిడే అష్టాచెమ్మా గుడ్డ, చింతపిక్కలు తెచ్చుకున్నారు. ఆ పై వారం గంగబాబు గారు చంకలో టేకు పలక పెట్టుకుని వచ్చారు. దాని మీద పులి-మేక గీతలు ఉలితో చెక్కి ఉన్నాయి. మూడు పులులు కొబ్బరిచిప్ప ముక్కలు, పదిహేను మేకలు గవ్వలు. పులి మేకని దాటి అవతల ఖాళీ చోటికి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులుల్ని కదలకుండా కట్టేస్తే పులులు ఓడినట్టు. అంతే ఆట. క్లబ్బుకి జనం నిలబడింది ఆ పలక వల్లనే.

గంగబాబు గారు ముప్ఫై ఒక్క ఏళ్ళు కోటిపల్లి రేవుకీ ముక్తేశ్వరం రేవుకీ మధ్య గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపిన సరంగు. ఆటలోనూ సరంగే. 'ముట్టిన కాయ ఆడాలి' అన్న రూలు ఆయన పెట్టించిందే. ప్రసాద్ దాన్ని పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి గోడకి అంటించాడు. చెయ్యి జారి తగిలిందన్నా, గాజు తగిలిందన్నా ఆయన ఒప్పుకోరు.

లక్ష్మీతులసిది కోటిపల్లి. డిగ్రీ అయ్యాక ముక్తేశ్వరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో చేరింది. రోజూ పంటెక్కి గోదావరి దాటుతుంది. గురువారం మాత్రం క్లబ్బులో కూర్చుని, ఎనిమిదింటి పంటుకి ఇల్లు చేరుతుంది. తక్కువ మాట్లాడుతుంది. సీసాలో నీటి రంగు మారేదాకా కదలకుండా కూర్చోవడం ఆమెకి అలవాటు. ఆటలోనూ మేకల వైపే కూర్చుంటుంది. మేకలకి ఓపిక కావాలి.

ఆ గురువారం గంగబాబు గారు ప్రసాద్‌తో ఆడుతున్నారు. పలక మూలలు చూడడానికి ఆయన గింజలేరుకునే కోడిలా తల అటూ ఇటూ తిప్పుతున్నారు. ఆడబోయింది మధ్యలో ఉన్న పులిని. చెయ్యి చాపుతుండగా చిటికెనవేలు మూలనున్న పులికి తగిలింది.

"పర్లేదు బాబాయి గారూ, పొరపాటున తగిలింది. మీరనుకున్నదే ఆడండి," అన్నాడు ప్రసాద్.

గంగబాబు గారి మొహం మాడిపోయింది. "ముట్టిన కాయ ఆడాలి. ఆ గోడ మీద అంటించింది నువ్వు కాదేంటి?" అని ఆ మూల పులినే జరిపారు. ఇంకో పది నిమిషాల్లో పులులు మూడూ కట్టుబడిపోయాయి. ఆయన లేచి తువ్వాలు దులుపుకుని, "వచ్చే గురువారం వచ్చి పలక పట్టుకెళ్ళిపోతాను. ఇంక ఈ ఆట నావల్ల కాదు. మీరు వేరేది చేయించుకోండి," అని మెట్లు దిగిపోయారు.

ఆయన అడుగుల చప్పుడు కిందికి దిగాక అమ్మాజీ గారు గొంతు తగ్గించారు. "మతి తప్పుతోందర్రా పాపం. మొన్న టీ గ్లాసు పక్కనే పెట్టేను. పెట్టి ఎంతసేపైందో! 'నాకు టీ ఇయ్యలేదేం అమ్మాజీ?' అన్నారు."

"ఆటలేకపోతే ఆ మనిషి ఏమైపోతారండి?" అన్నాడు ప్రసాద్. "ఎలాగోలా బతిమాలి కూర్చోబెడదాం. ఆయనతో ఎవరూ నెగ్గొద్దు. రెండు మేకలు అటూ ఇటూ చూసీచూడనట్టు వదిలెయ్యండి. ఏమంటారు?"

"ఆయ్, అలాగే చేద్దాం," అన్నారు అందరూ. తులసి మాత్రం గవ్వలు లెక్కపెట్టి డబ్బాలో పోసి, సంచి తీసుకుని దిగింది.

రేవులో ఇంకా పంటు రాలేదు. రేవు పక్కనే ఇల్లున్న గంగబాబు గారు ముందు నడుస్తున్నారు. స్తంభానికి కట్టిన మోకు దారికి కుడిపక్కన చుట్టగా పడి ఉంది. దీపం సరిగ్గా దానిమీదే పడుతోంది. అయినా ఆయన కాలు అందులో పడి తూలారు. తులసి గబగబా వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది.

"ఎవరు? తులసమ్మా?"

"ఆయ్, నేనేనండి. తాతగారూ, మీకు పక్కలు కనబడట్లేదు కదండి?"

ఆయన చెయ్యి విడిపించుకున్నారు. "నీకెవరు చెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదండి. టీ గ్లాసు ఎదురుగా పెడితే తీసుకుంటారు, పక్కన పెడితే తీసుకోరు. పలక మీద కూడా మూలనున్న కాయల దగ్గరే పొరపాటు వస్తోంది. మధ్యలో రావట్లేదండి."

ఆయన మోకు చుట్ట మీదే కూర్చున్నారు. "కళ్ళకి నీటికాసులంట," అన్నారు. "కాకినాడలో చూపించుకున్నాను. పోయింది పోయినట్టే, ఉన్నది నిలబెట్టుకోడానికి చుక్కల మందిచ్చేరు. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటాది. ఎదర ఉన్నది బాగానే కనబడతాది."

"మరి క్లబ్బులో చెప్పొచ్చు కదండి?"

"చెబితే ఏమవుద్ది? మేకల్ని వాళ్ళే తెచ్చి నా పులుల నోట్లో పెడతారు. అలాంటి ఆట ఎవడిక్కావాలి?"

చెప్పాలా వద్దా అని తులసి ఆలోచించింది. చెప్పకపోతే వచ్చే గురువారం అందరూ ఓడిపోతూ కూర్చుంటారు. ఆయనకది రెండు ఎత్తుల్లో తెలిసిపోతుంది. పలక చంకన పెట్టుకుని వెళ్ళిపోతారు.

"చెప్పకపోయినా పెడతారండి," అంది. "మీకు మతి తప్పుతోందనుకుంటున్నారు. మీతో ఎవరూ నెగ్గకూడదని ఇందాకే మాటాడుకున్నారు."

"మతా?"

"ఆయ్."

"నాకా?"

"ఆయ్."

పంటు దీపం నది మధ్యకొచ్చింది. గంగబాబు గారు దానివైపు తల పూర్తిగా తిప్పి చూశారు. "కళ్ళు లేకపోతే లేకపోయాయి. మతి పోయిందంటారా! పుష్యమాసంలో మంచు దిగితే నా చెయ్యి నాకు కనబడేది కాదు. అయినా ఒక్క రోజు పంటు ఇసుక మేట ఎక్కించలేదు."

"మరెలా నడిపేవారండి?"

"ముందు గెడ పట్టుకున్నోడు లోతు చెబుతుండేవోడు. నేను చుక్కాని తిప్పేవోణ్ణి. వాడు చెప్పింది వినాలి, నది మనసులో ఉండాలి. అంతే కదా."

తులసి ఆ మాట పట్టుకుంది. "పలక కూడా అలా చెప్పుకుని ఆడితే?"

మర్నాడు సాయంత్రం ఆమె రేవుకి వచ్చేసరికి ఆయన స్తంభం దగ్గర కూర్చుని ఉన్నారు. పలక మీద మొత్తం ఇరవై మూడు చోట్లు. తులసి రేవు ఇసుకలో ఆ గీతలు గీసి, ల్యాబులో చెరువులకి వేసినట్టు వాటికి నంబర్లు వేసింది. రెండు రోజులు ప్రయత్నించారు. తొమ్మిదికి పక్కన పదకొండో పన్నెండో ఆయనకి నిలబడలేదు. మూడోనాడు విసుక్కుని, "నంబర్లు నావల్ల కాదమ్మాయ్. దీని కొస కోటిపల్లి రేవనుకో," అన్నారు. ఇక ఆగలేదు. మునిగిన పడవ, కొత్త మేట, పాత మేట, గేదెల గట్టు, ఇసుక ర్యాంపు, టీ బడ్డీ అంటూ కిందికి దిగుతూ ఆ కొస నుంచి ఈ కొసకి నదిని పరిచేశారు. తులసి సీసాలకంటించే చీటీల వెనక రాసుకుంది. పంటు వచ్చేలోగా రోజూ పావుగంట అప్పజెప్పుకున్నారు. తప్పులు ఎక్కువగా ఆమెవే.

గురువారం వచ్చింది. గంగబాబు గారు మేడెక్కి, కూర్చోకుండానే అందరికీ వినబడేలా చెప్పారు: "నాకు కళ్ళు పోతున్నాయి. నీటికాసులు. మతి పోలేదు. ఎవరైనా నాకు మేకల్ని దానం చెయ్యాలనుకుంటే ఇప్పుడే చెప్పెయ్యండి, నా పలక నేను పట్టుకుపోతాను."

క్యారంబోర్డు దగ్గర చప్పుడు ఆగిపోయింది. ప్రసాద్ తలవంచుకున్నాడు.

"బాబాయి గారూ, మీరు కాయలు తడుముకుని ఆడండి. మీకు ముట్టిన రూలు తీసేద్దాం," అన్నాడు.

"నాకో రూలు, మీకో రూలా? ఇద్దరం ముట్టుకోం. నోటితో చెబుతాం, చెప్పిందే ఎత్తు. మాట వెనక్కి తీసుకోడానికి లేదు. కుదరని ఎత్తు చెబితే ఆ వంతు పోయినట్టే. కాయలు జరపడానికి ఒక చెయ్యి కావాలి. అమ్మాజీ, నువ్వు రా."

"నేనా? నాకు మధ్యలో మాట వచ్చేస్తాదండి అన్నయ్య గారూ!"

"చెయ్యికి నోరుండదు. కూర్చో."

తులసి ఎదురుగా కూర్చుంది. చీటీ చూసి పేర్లు ఒప్పజెప్పి, అమ్మాజీ గారికి చోట్లు చూపించింది. ఆట మొదలైంది. మొదట్లో నవ్వులు వచ్చాయి. "మేక, ఇసుక ర్యాంపు దగ్గర," అని తులసి అంటే, "లారీ తొక్కేస్తాది జాగ్రత్త," అని వెనక నుంచి ఎవరో అన్నారు. పావుగంట గడిచేసరికి నవ్వులు ఆగిపోయాయి. గంగబాబు గారు కళ్ళు మూసుకుని ఆడుతున్నారు. మూడు గవ్వలు అప్పటికే ఆయన ఒళ్ళోకి వచ్చేశాయి. జాలిపడదామని వచ్చినవాళ్ళు ఇప్పుడు తులసి వైపు జాలిగా చూస్తున్నారు.

ప్రసాద్ టీలు పంచాడు. తులసి తన మేకని చెప్పింది, అమ్మాజీ గారు పెట్టారు. గంగబాబు గారు రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టారు.

"కొత్త మేట మీది పులి, గేదెల గట్టు మేకని దాటి, టీ బడ్డీకి."

అమ్మాజీ గారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. టీ బడ్డీ దగ్గర గవ్వ ఉంది. దూకడానికి చోటు లేదు. ఆవిడ తులసి వైపు చూసి, ఆ గవ్వని వేలితో పక్కకి నెట్టెయ్యనా అని కళ్ళతో అడిగారు. ప్రసాద్ కూడా ఊఁ అన్నట్టు తలాడించాడు. గంగబాబు గారి కళ్ళు మూసే ఉన్నాయి. నెట్టేస్తే ఆయనకి తెలిసే దారి లేదు.

తులసి టీ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"టీ బడ్డీ దగ్గర మేకుందండి," అంది. "మీ వంతు పోయిందండి."

ఆయన కళ్ళు తెరవలేదు. "ఊఁ. నువ్వాడు."

ఆ పోయిన ఒక్క వంతుతో కొత్త మేట మీది పులికి దారులు మూసుకుపోయాయి. మిగతా రెండింటికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఆఖరి గవ్వ పెట్టి అమ్మాజీ గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు, అప్పటిదాకా బిగబట్టిన నోరు తెరిచారు.

"ఏం పిల్లవే తల్లీ! పెద్దాయన కళ్ళు కనబడక ఆడుతుంటే, ఒక్క మేకని వదిలితే నీ కొంపేం మునిగిపోతాది?"

"అమ్మాజీ," అన్నారు గంగబాబు గారు. "చెయ్యికి నోరుండదన్నానా?" తర్వాత తులసి ఉన్నవైపు తిరిగి, "ఆ మేక అక్కడికి ఎప్పుడొచ్చిందమ్మాయ్?" అని అడిగారు.

"టీలిస్తున్నప్పుడండి. చెప్పేనండి."

"చెప్పింది బాబాయి గారూ. నేను విన్నాను," అన్నాడు ప్రసాద్, ఇష్టం లేకుండానే.

గంగబాబు గారు ఒళ్ళో ఉన్న గవ్వల్ని బొటనవేలితో ఒకటొకటే తిప్పుతూ కూర్చున్నారు. లేచి పలక అడుగుతారేమోనని ప్రసాద్ రెండు చేతులూ నలుపుకుంటున్నాడు. తులసి తలెత్తలేదు. ఆయన చివరికి ఆ గవ్వల్ని పలక మీద పోశారు.

"చెప్పే ఉంటావు. గ్లాసులు గలగలమంటుంటే వినబడి ఉండదు. టీలిచ్చేటప్పుడు ఆట ఆపాలి. రాయి ప్రసాదూ, గోడమీద ఆ రూలు కిందే రాయి. ఎవరికైనా సరే."

"ఆయ్, రాస్తానండి."

"నీ పంటుకింకా ఎంతసేపుందమ్మాయ్?"

"నలభై నిమిషాలుందండి."

"చాలు. ఈసారి మేకలు నావి. పులులు నువ్వు పట్టు. ఎంత ఓపికుందో చూస్తాను." ఆయన మఠం వేసుకుని సర్దుకున్నారు, కళ్ళు మూసుకున్నారు. "మొదటి మేక, మునిగిన పడవ దగ్గర."

అమ్మాజీ గారు గవ్వ పట్టుకుని పలక మీదంతా వెతికారు. "మునిగిన పడవంటే ఎక్కడండీ బాబూ?"

"పాత మేటకి కుడిపక్క, ఒక గీత పైకి," అన్నారు గంగబాబు గారు. "నీకు చూపుంది కదా, చూసుకో."