ఆయన టీ పెట్టిన రోజు

“నువ్వు కూర్చో ప్రమోదా, టీ నేను పెడతాను” అన్నారు ఆయన.

స్టాక్‌హోమ్‌లో మేము దిగిన అద్దె ఫ్లాట్‌లో, పొద్దున్నే. నేను కూర్చోలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మాట ఆయన నోట విన్న గుర్తు లేదు. టీపొడి కోసం ఆయన సొరుగులన్నీ లాగుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. టీపొడి నా సంచిలో ఉంది. ఏ ఊరు వెళ్ళినా టీపొడి, పచ్చడి, చిన్న రైస్ కుక్కర్ సర్దేది నేనే కాబట్టి అది ఎక్కడుందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. తీసి ఇచ్చాను. టీ నీళ్ళలా ఉంది. బాగుందన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

అనుమానం నిజానికి అమెరికాలో మా ఊరు నోవైలో బయలుదేరకముందే మొదలైంది. నేను పనిచేసే హాస్పిటల్ ల్యాబ్‌లో నన్ను సూపర్‌వైజర్‌గా ఉండమని అడిగారు. డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని, ఆ తరువాత కమ్యూనిటీ కాలేజీలో నా కొడుకు ఈడు పిల్లల పక్కన చదివి, నలభై దాటాక సంపాదించుకున్న ఉద్యోగం అది. సోమవారంలోగా జవాబు చెప్పాలి. ఆయనతో చెబితే, “అంత తొందరేముంది? ముందు హాయిగా తిరిగొద్దాం. తరవాత చూద్దాం” అన్నారు. ఆ ‘చూద్దాం’లో నేను ఉన్నానో లేదో అర్థం కాలేదు. మర్నాటికల్లా టికెట్లు. మా అబ్బాయి అనిరుధ్ కొన్నాడట, గిఫ్ట్‌గా.

స్టాక్‌హోమ్ పాతబస్తీలో రాళ్ళు పరిచిన సందుల వెంట నడిచాం. ఒక సందు ఎంత ఇరుకంటే, మోచేతులు కాస్త ఎడంగా పెడితే రెండు గోడలూ తగులుతాయి. ఆయన నా సంచి భుజాన వేసుకున్నారు. పసుపురంగు గోడ ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. “కాళ్ళు నొప్పా? కాసేపు కూర్చుందామా?” అన్నారు. నయాగరా వెళ్ళినప్పుడు మా అత్తగారు, ఆడపడుచు వాళ్ళు, ఈయన అందరూ నీలం రెయిన్‌కోట్లు వేసుకుని పడవెక్కితే, నేను పార్కింగ్‌లో పులిహోర డబ్బాలకు కాపలా ఉన్నాను. “నువ్వు ఇంకోసారి చూద్దువుగానిలే, అదెక్కడికి పోతుంది” అన్న మనిషే ఈయన. అందుకని ప్రతి మంచిమాటనీ సంతలో వంకాయలా తిరగేసి చూస్తూ నడిచాను, పుచ్చు ఎక్కడుందా అని. ఏదైనా జబ్బు బయటపడిందా? లేదు, మెట్లు నాకంటే ముందే ఎక్కేశారు. ఇంకో ఆడమనిషా? నాకు నవ్వొచ్చింది. ఈయన సాక్సులు ఎక్కడుంటాయో ఆమెకెలా తెలుస్తుంది?

నీటి ఒడ్డున ఒక కాఫీ షాపు ముందు ఆయన ఆగిపోయారు. బయట ఒక కుర్రాడు ఒక చేత్తో కాఫీ తాగుతూ, ఇంకో చేత్తో పసిపాపను పడుకోబెట్టిన స్ట్రోలర్ బండి ఊపుతున్నాడు. ఈయన వంగి లోపలికి చూసి, “ఎంత ముద్దుగా ఉందో చూడు ప్రమోదా! పసిపిల్లలతో గడిపితే వయసు తగ్గుతుందట” అన్నారు. ఆ వీధిలో అది ఆయన వంగి చూసిన మూడో స్ట్రోలర్. అనిరుధ్ రాత్రిళ్ళు ఏడిస్తే దిండు తీసుకుని హాల్లోకి వెళ్ళి పడుకున్న మనిషి!

అప్పుడే జెర్సీ సిటీ నుంచి మా కోడలు విద్య వీడియో కాల్ చేసింది. భుజం మీద రెండు నెలల ధృవ్.

“అత్తయ్యా, థాంక్యూ సో మచ్! నాకు నిజంగా ఏడుపొచ్చేసింది తెలుసా?”

“ఎందుకమ్మా?”

“మీరు జాబ్ మానేసి వస్తున్నారని మామయ్య చెప్పారు కదా. అమ్మకి ఆరు నెలలు అయిపోగానే వైజాగ్ వెళ్ళిపోవాలి, తరవాత ఎలా అని నిద్రే పట్టేది కాదు. డేకేర్ కూడా క్యాన్సిల్ చేసేశాం.”

వెనక నుంచి వాళ్ళమ్మ పద్మగారు, “మీదెంత పెద్ద మనసండీ వదినగారూ!” అన్నారు.

“మళ్ళీ చేస్తానమ్మా” అని పెట్టేశాను. ఆయన నీళ్ళలోని పడవల వైపు చూస్తున్నారు.

“సర్‌ప్రైజ్‌గా చెబుదామనుకున్నా” అన్నారు. “మన మనవడే కదా, పరాయివాడా? పద్మగారికైతే వీసా గొడవ. నీకేంటి, సిటిజన్‌వి. ఆరు నెలలని లిమిట్ లేదు. బళ్ళో వేసేదాకా ఉండొచ్చు.”

సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజు చిన్న జెండా పట్టుకుని ఎందుకు ఏడ్చానో గుర్తొచ్చింది. ఇక నన్ను ఎవరూ పంపించెయ్యలేరని. ఇంట్లోవాళ్ళు ఎక్కడికైనా పంపొచ్చని అప్పుడు తోచలేదు.

“మీరు రిటైరై ఏడాదైంది. రోజంతా ఏం చేస్తున్నారు?” అన్నాను.

“అదేంటి, లాన్ ఉంది, స్టాక్స్ ఉన్నాయి, తెలుగు అసోసియేషన్ పనులు...”

“వాటికీ ఆరు నెలల లిమిట్ లేదుగా.”

“జోకులొద్దు. నేనెళ్ళి ఏం చెయ్యను? మగాణ్ణి!”

కాఫీ తాగుతున్న కుర్రాడికి మా భాష రాదు కాబట్టి సరిపోయింది.

నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ముందు ల్యాబ్ మేనేజర్‌కి ఒప్పుకుంటున్నానని మెసేజ్ పెట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని “ఏం రాశావ్?” అన్నారు. చూపించాను. చదివి, “ఒక్క మాట నన్ను అడగాలి కదా?” అన్నారు. ఆయన ఆ మాట నవ్వకుండానే అన్నారు.

విద్యకి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి స్పీకర్‌లో.

“విద్యా, నేను ఉద్యోగం మానెయ్యడం లేదమ్మా. అది నన్నడగకుండా చెప్పిన మాట. కానీ నిన్ను నడిమధ్యలో వదలను. మామయ్య వస్తారు. మీ అమ్మగారు వెళ్ళడానికి నెల ముందే వచ్చి, ఆవిడ దగ్గర అన్నీ చూసి నేర్చుకుంటారు.”

ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

“అత్తయ్యా...” అంది విద్య, భయంభయంగా. “మామయ్యకి డైపర్ మార్చడం వచ్చా?”

“రాదమ్మా. మీ ఆయన పుట్టేదాకా నాకూ రాదు.”