ఆదివారం మూసుకున్న చలిగది

చర్చి మెట్ల దగ్గర, వాన గురించి మాట్లాడుతున్నంత మామూలుగా, చేపల వర్తకుడు మెకైవర్ గారు నా భర్త చెవిలో ఊదారు: "నీ చలిగది చూడటానికి రేపు వస్తున్నా, టార్కిల్. నచ్చితే నా హెర్రింగ్ చేపలన్నీ అలాంటి గదుల్లోనే లండన్ వెళ్తాయి."

మా ఊళ్ళో ఆదివారం దేవుడి రోజు, పని చెయ్యకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు. అందుకే ఇద్దరూ మబ్బుల వంక చూశారు. ఇల్లు చేరేదాకా గంతులేయకుండా ఉండటానికి నేనెంత అవస్థపడ్డానో!

మాకు పెళ్ళయి నెల కాలేదు. స్కాట్లండ్ దీవుల్లోని స్టోర్నోవేలో మా ఇంటి కింద టార్కిల్ పనిశాల, అందులోనే అతను సొంతంగా కట్టిన చలిగది, పైన అతని మేనత్త ఎఫీ. ఆదివారం బంగాళాదుంప చెక్కు కూడా తీయనివ్వదావిడ.

"ఒక్కసారి చూసొద్దాం. చూడటం పని కాదుగా?" అన్నాను.

కొవ్వొత్తి పట్టుకుని చలిగదిలోకి దూరాం. నిన్న సాయంత్రమే చల్లబరిచే యంత్రం ఆపేసినా లోపలి చలి చెక్కుచెదరలేదు! సంతోషం పట్టలేక టార్కిల్ నన్నెత్తి గిరగిరా తిప్పాడు. నా బూటు తలుపుకి తగిలింది. తలుపు మెత్తగా మూసుకుపోయి బయట గొళ్ళెం పడింది.

"పిడి ఏదీ?"

"బయటుంది."

"లోపలిది?"

ఆవిరి యంత్రాన్ని దారికి తెచ్చింది మా స్కాట్లండ్ వాడే, టెలిఫోన్ కనిపెట్టిందీ మావాడే. తలుపుకి లోపల కూడా పిడి ఉండాలన్న సంగతి మాత్రం మా ఆయనకి తట్టలేదు.

చలి బయటికి పోకుండా గోడల నిండా రంపపు పొట్టు కూరాడు. గాలి చొరబడదు. అదే దీని గొప్పని పెళ్ళినాటి నుంచీ వింటున్నాను. అరిచాం, తలుపు బాదాం. పైనుంచి అత్త కర్ర నేలను దబదబా కొట్టింది.

"ఆదివారం సుత్తి పట్టాననుకుంటోంది. ఇక చచ్చినా దిగదు," అన్నాడు టార్కిల్.

కొవ్వొత్తి మంట కుంచించుకుపోయింది. నా నవ్వూ అంతే. ఊపిరి బరువెక్కింది, గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది.

"రేపు మెకైవర్ తలుపు తీస్తే మనం చేపల్లా తాజాగా..." అనబోయాడు.

ఉన్న గాలైనా మిగులుతుందని నేను కొవ్వొత్తి ఆర్పేశాను. చీకట్లో అతని చెయ్యి వెతికి పట్టుకున్నాను. "కీర్తన ఎత్తుకో, టార్కిల్."

మా చర్చిలో ఒకరు పాదం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. అందుకోకుండా ఉండటం అత్త వల్ల కాదు. అతను గొంతెత్తాడు. మాటలు పొట్టులో ఇంకిపోయినా రాగం పైకి పాకింది. కాసేపటికి, ఎక్కడో దూరంగా, అత్త గొంతు! రెండో పాదం. మూడోది. అప్పుడు టార్కిల్ నోరు మూసేశాను.

చరణం మధ్యలో వేలాడుతోంది. ఊపిరి బిగబట్టాం.

మెట్ల మీద కర్ర టకటకలాడింది. తలుపు తెరుచుకుంది.

"దేవుడి పాట సగంలో వదిలేస్తారా, సిగ్గులేనోళ్ళారా!" అంటూనే మా మొహాలు చూసింది అత్త. నున్నటి లోపలి చెక్కను తడిమింది. "నీ తెలివంతా తలుపుకి అవతలే బిగించావురా!"

వెలుగులో పడి, గాలి గుటకలు వేస్తూ టార్కిల్ సుత్తి అందుకోబోయాడు. కర్ర అతని వేళ్ళ మీద పడింది.

"ఇవాళ కాదు. రేపు తెల్లారగానే లోపల పిడి బిగించు. ఆ మెకైవర్ వచ్చేలోపు నేనే లోపలికెళ్ళి తలుపేసుకుని చూస్తా."