ఆగిపోయాక కనిపించిన మరక

ఆ హోటల్లో గదులు ఎంత పైన ఉంటే లాండ్రీ అంత కింద ఉంటుంది. మెట్లు దిగుతుంటేనే ఆవిరి మొహానికి కొడుతుంది. ఒక పక్క ఉతికే మిషన్లు, మరో పక్క ఇస్త్రీ బల్లలు, మధ్యలో తడి దుప్పట్ల గుట్టలు. అక్కడ పనిచేసేవాళ్లందరికీ ఆమె చలవక్క. ఆ పేరు పెట్టింది ఇస్త్రీ బల్ల దగ్గరుండే ఆవిడ. నోరు మూసుకుని ఒక్క దిండు గలేబు కూడా మడత పెట్టలేదు కాబట్టి ఆవిడకేమో గలగల అని పేరు. "మా అక్క చేతిలో పడితే దుప్పటికీ చలవే, మనిషికీ చలవే" అనేది గలగల. నిజమే, ఎవరి మీదా గొంతు పెంచి ఎరగని మనిషి.

మరకలు తీయడంలో ఆమెను మించినవాళ్లు లేరక్కడ. టీ మరకైనా, సిరా మరకైనా, దుప్పటి ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, దేనికేం వెయ్యాలో చెప్పేది. నెత్తురైతే వేడినీళ్లు తగలనివ్వకుండా, చన్నీళ్లలో నానేసి, చేత్తో మెల్లగా నలిపేది. కాసేపటికి అక్కడ మరక ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మేవారు కాదు.

అందుకే ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఆమెకు నెలసరి ఆగిపోయి ఐదారేళ్లయింది. పీడా వదిలిందనుకుని హాయిగా తిరుగుతోంది. చలి మొదలైన రోజుల్లో ఓ సాయంత్రం పని నుంచి వచ్చి స్నానానికి వెళ్లినప్పుడు లోపలి బట్ట మీద చిన్న మరక కనిపించింది. ఎర్రగా కూడా లేదు, తుప్పు రంగులో ఉంది. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ ఒళ్లు వేడి చేసిందనుకుంది. ఉతికి ఆరేసింది. పది రోజులు పోయాక మళ్లీ కనిపించింది. మళ్లీ ఉతికింది.

ఊరికే ఉండలేక ఓ రోజు గలగల దగ్గర కదిపింది.

"ఏమే, ఆగిపోయినవాళ్లకి మళ్లీ రావడం ఉంటుందా?"

గలగల ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి పకపకా నవ్వింది. "ఎవరికక్కా, నీకా? మళ్లీ వయసొచ్చినట్టుంది! బావగారికి మిఠాయి పంచమని చెప్పు."

చలవక్క కూడా నవ్వింది. నవ్వాక గుండె కాస్త తేలికపడింది. నవ్వులాటకు వచ్చిందంటే పెద్ద విషయం కాదులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. అసలు సంగతి వేరు. కొడుకు పుట్టిన తర్వాత ఆమె ఇలాంటి విషయాల కోసం డాక్టరు గడప తొక్కలేదు. పరీక్ష చేసే ఆ బల్లమీద కాళ్లు ఎడంగా పెట్టి పడుకోవడం తలచుకుంటేనే తల కొట్టేసినట్టుండేది. పైగా వెళితే ఏదో ఒకటి ఉందంటారు. ఏమీ అనిపించుకోకుండా ఉండాలంటే వెళ్లకపోవడమే మేలనుకుంది.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాట తక్కువ, మనసు మెత్తన. ఒకసారి ఆయనతో కలిసిన తర్వాత నొప్పితో పాటు రక్తం కూడా కనిపించింది. ఆయన చూడకముందే దుప్పటి లాగేసింది. ఆ తర్వాత ఆయన చెయ్యి వేస్తే చాలు, "వద్దండీ, అలసటగా ఉంది" అనడం మొదలుపెట్టింది. మొదట్లో ఆయన "సరేలే" అనేవాడు. కొన్నాళ్లకు అదీ మానేశాడు. ఇంకొన్నాళ్లకు నడుం నొప్పి వంక పెట్టి పరుపు తీసుకెళ్లి ముందుగదిలో వేసుకున్నాడు. ఏమైందని ఆయన అడగలేదు, ఎందుకలా వెళ్లారని ఈమె అడగలేదు. పొద్దున్నే టీ గ్లాసు అందిస్తే అందుకునేవాడు, అంతే.

ఇదిలా ఉండగా కోడలి సంగతి బయటపడింది.

కొడుకు దూరం బస్సులు నడుపుతాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. కోడలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం నిలబడే ఉండాలి. ఆ పిల్ల ఈమధ్య బాత్రూంలోకి వెళితే ఓ పట్టాన బయటికి రావడం లేదు. కూర్చున్న చోట కుదురుగా కూర్చోవడం లేదు. బకెట్లో నానేసిన బట్టలు చూస్తే చలవక్కకు అర్థమైపోయింది. గూట్లో సగం వాడిన క్రీము ట్యూబులు రెండు కూడా కనిపించాయి.

"ఏంటమ్మాయ్ ఇది? ఎన్నాళ్లనుంచి?"

కోడలు నీళ్లు నమిలింది. "ఏం లేదత్తయ్యా… కొంచెం దురద. మెడికల్ షాపులో అడిగితే ఇదిచ్చారు."

"తగ్గిందా?"

"తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది."

"షాపువాడికేం తెలుసే నీ ఒంట్లో ఏముందో? ఇలాంటివి దాచుకుంటారా ఎవరైనా? రేపు సెలవు పెట్టు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం."

"సిగ్గుగా ఉంటుంది అత్తయ్యా."

"సిగ్గుపడితే రోగం సిగ్గుపడి పోతుందా? నోరు మూసుకుని బయలుదేరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఎక్కడా తడబాటు రాలేదు. తన సంగతి గుర్తే రాలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. కోడలిని తెర వెనక్కి తీసుకెళ్లి చూసి వచ్చి చేతులు కడుక్కుంది. "ఫంగస్ వల్ల వచ్చింది. దురద, పాలు విరిగినట్టు తెల్లగా అవడం, అన్నీ దానివే. చాలామందికి వస్తుంది, సిగ్గుపడాల్సింది లేదు. ఆ క్రీములు ఆపెయ్యి. సువాసన సబ్బులతో లోపల కడుక్కోవడం మానెయ్యి. నేనిచ్చిన మందు పూర్తిగా వాడు."

కోడలి మొహంలోకి ప్రాణం వచ్చింది. "ఇంకెప్పుడు రావాలి మేడమ్?"

"మందు వాడినా తగ్గకపోతే రా. వాసన వచ్చినా, రంగు మారినా, పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా ఆగొద్దు. రెండు నెలసరుల మధ్యలో గానీ, భర్తతో కలిశాక గానీ రక్తం కనపడినా అంతే." డాక్టరమ్మ చీటీ రాస్తూనే చెప్పుకుపోతోంది. "ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పు. ముట్టు ఆగిపోయి ఏడాది దాటిన మనిషికి ఒక్క చుక్క కనపడినా సరే, చూపించుకోవాలి. ఎక్కువసార్లు భయపడాల్సింది ఏమీ ఉండదు. కానీ ఉందో లేదో ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు."

చలవక్క ఒళ్లో ఉన్న సంచీ హ్యాండిల్ని రెండు చేతులతో పట్టుకుంది. నోరు తెరిస్తే చాలు. ఎదురుగా డాక్టరు, వెనక తలుపు మూసే ఉంది. కానీ ఇంతసేపూ కోడలికి బుద్ధులు చెప్పిన నోటితో, ఆ పిల్ల ముందే, 'నాకూ ఉంది' అని ఎలా చెప్పడం?

"మీరేమైనా అడగాలామ్మా?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదండీ" అంది చలవక్క.

దారిలో కోడలు ఉండబట్టలేక అడిగింది. "అత్తయ్యా, అక్కడ మీ మొహం అదోలా అయింది. మీకేమైనా…"

"నాకేంటే, గుండ్రాయిలా ఉన్నాను. ఎండకి కళ్లు తిరిగాయి, అంతే."

వారం తిరక్కుండానే కోడలికి తగ్గిపోయింది. ఇంట్లో ఆ పిల్ల పాటలు మళ్లీ వినిపించాయి. చలవక్క మాత్రం రోజూ 'ఈ వారం వెళ్తాను' అనుకునేది. ఈ వారం హోటల్లో పెళ్లివాళ్లున్నారు, సెలవివ్వరు. పై వారం కొడుకు ఇంటికొస్తాడు. ఆ పై వారం నాలుగు రోజులపాటు ఏమీ కనపడలేదు, ఆగిపోయినట్టే ఉంది. ఇలా వంకలతోనే ఎండాకాలం వచ్చేసింది. డాక్టరమ్మ మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అన్నం సయించడం మానేసింది. మిషన్ తిరుగుతున్నప్పుడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది.

అలాంటి ఓ మధ్యాహ్నం, మిషన్లోంచి తడి దుప్పట్లు లాగుతుండగా పొత్తికడుపులో ఏదో తెగినట్టయింది. కాళ్ల వెంట వెచ్చగా కారింది. ఈసారి చుక్కలు కాదు. చేతిలో ఉన్న దుప్పటి జారి నేలమీద పడింది, దాని మీద ఎర్రగా పాకింది.

"అక్కా, చెయ్యి కోసుకున్నావా?" అంటూ గలగల పరుగెత్తుకొచ్చింది. చూసింది. ఆ మనిషి నోరు మూతపడటం లాండ్రీలో అందరూ అదే మొదటిసారి చూడటం. మరుక్షణం ఇస్త్రీ చేసిన దుప్పటి ఒకటి లాగి చలవక్క చుట్టూ కప్పి, "మగాళ్లంతా అవతలికి పొండి!" అని అరిచింది.

"ఎవరికి ఫోన్ చెయ్యనక్కా? బావగారికా?"

"వద్దు. కోడలికి."

ఆటోలో గలగల ఆమె తల ఒళ్లో పెట్టుకుని దారిపొడుగునా ఒకటే మాట అంది. "నవ్వులాటకన్నానక్కా. నాకేం తెలుసు. నవ్వులాటకన్నాను."

"నీ తప్పేముందే" అంది చలవక్క కళ్లు మూసుకునే. "నాకలా అనిపించుకోవాలనే ఉండింది."

ఆసుపత్రిలో చూసింది అదే డాక్టరమ్మ. రక్తం ఆగడానికి చెయ్యాల్సింది చేసి, స్కానింగ్ తీయించింది. గర్భసంచి లోపలి పొర ఉండకూడనంత మందంగా ఉందని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని చెప్పింది. ఆమె అన్నేళ్లుగా భయపడ్డ ఆ బల్ల మీద పడుకోవాల్సి వచ్చింది. డాక్టరమ్మ ఏం చేయబోతోందో ముందుగా చెప్పి, ఆ తర్వాతే చెయ్యి వేసింది. నొప్పి పుట్టింది, కానీ పళ్లు బిగించి ఓర్చుకునేంతే. కాసేపట్లో అయిపోయింది. ఇంతేనా అనుకుంది చలవక్క. ఇంత దానికా నేను ఇన్నాళ్లు దాక్కున్నది అనిపించి కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

పరీక్ష ఫలితం చెప్పే రోజున కోడలితో పాటు భర్త కూడా వచ్చాడు. మెకానిక్ బట్టల్లోనే, నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

"కాన్సరమ్మా" అంది డాక్టరమ్మ, మాట నాన్చకుండా. "గర్భసంచి లోపలి పొరలో మొదలైంది. బయటికి పాకినట్టు స్కాన్‌లో కనపడటం లేదు, అది మంచి మాట. గర్భసంచి, అండాశయాలు తీసెయ్యాలి. తీశాక పరీక్ష చేస్తే ఎంత లోతుకు వెళ్లిందో తెలుస్తుంది. ఒక్కటి చెప్పండి. ఇది ఎప్పుడు మొదలైంది?"

చలవక్క తలవంచుకుంది. రెండు నెలలని చెబుదామని నోటిదాకా వచ్చింది. కోడలు ఆమెనే చూస్తోంది.

"చలి మొదలైనప్పుడు" అంది.

కుర్చీ కదిలిన చప్పుడైంది. భర్త లేచి బయటికి వెళ్లిపోయాడు.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. "అంటే మనం ఇక్కడికి వచ్చినప్పటికే ఉందా? నన్ను దొంగని పట్టుకున్నట్టు పట్టుకుని తీసుకొచ్చారే. ఈ కుర్చీలోనే కూర్చున్నారు. ఆవిడ అడిగారు కూడా మిమ్మల్ని. నాకు చెప్పొచ్చుగా అత్తయ్యా! నా బట్టలు చూసి మీరు కనిపెట్టారు. మీ బట్టలు నాకు కనపడనిచ్చారా ఎప్పుడైనా?"

చలవక్క సంచీ తీసుకుని లేచి బయటికి నడిచింది.

భర్త నడవాలో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె మెల్లగా వెళ్లి పక్కన నిలబడింది. కోప్పడతాడనుకుంది.

"నేనేం తప్పు చేశానా అని ఇన్నాళ్లూ ఆలోచించాను" అన్నాడు బయటికే చూస్తూ. "నా ఒంటి వాసన పడటం లేదేమో అనుకున్నా. సబ్బు కూడా మార్చాను. ముసలాడినైపోయాను, అసహ్యం పుట్టిందేమో అనుకుని పరుపు తీసుకెళ్లిపోయాను. నువ్వు లోపల నెత్తురోడుతున్నావు, నేను అవతలి గదిలో అలిగి పడుకున్నాను."

"చెప్పాలనే అనుకున్నానండీ. మీరు భయపడతారని…"

"ఇప్పుడు భయపడటం లేదా?" అన్నాడు. నూనె మరకల చేతిని చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని మళ్లీ వదల్లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తీసినదాన్ని పరీక్షిస్తే, గర్భసంచి గోడలో సగం దాటి లోతుకు వెళ్లిందని వచ్చింది. అందుకని కొన్ని వారాలపాటు రేడియేషన్ కూడా ఇవ్వాలన్నారు. చలవక్క ధైర్యం చేసి అడిగింది.

"మొదట్లోనే వచ్చి ఉంటే ఇది తప్పేదా అమ్మా?"

డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టింది. "అప్పుడెలా ఉండేదో నేను చెప్పలేను. ఇంకాస్త ముందే దొరికేదని మాత్రం చెప్పగలను."

రేడియేషన్‌కి ఒకరోజు భర్త, ఒకరోజు కోడలు తోడు వెళ్లారు. కొడుకు ఊళ్లో ఉన్నప్పుడు వాడు తీసుకెళ్లేవాడు. తల్లితో ఏం మాట్లాడాలో తెలియక దారంతా బస్సుల కబుర్లు చెప్పేవాడు. నీరసం, విరేచనాలు, మంట, అన్నీ పడింది. భర్త పరుపు మళ్లీ లోపలి గదికొచ్చింది. ఆయన నిద్రలో కూడా ఆమె కొంగు పట్టుకునే ఉండేవాడు.

మళ్లీ చలి మొదలయ్యే రోజులు వచ్చేసరికి, ప్రస్తుతానికి ఎక్కడా ఏమీ కనపడటం లేదని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఏళ్లతరబడి, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలంది. చలవక్క మళ్లీ లాండ్రీకి వెళుతోంది, కానీ బరువులు ఎత్తనివ్వడం లేదు. గలగల పక్కనే కూర్చుని చిన్న తువ్వాళ్లు మడతపెడుతుంది. భయం మాత్రం వదల్లేదు. నడుం కాస్త పట్టినా, కడుపులో కాస్త తిప్పినా, వెనక్కొచ్చిందేమోనని ఒళ్లు చల్లబడుతుంది.

కోడలు ఆమెతో ఎప్పటిలాగే ఉంటోంది. కాకపోతే పొద్దున దుకాణానికి బయలుదేరే ముందు గుమ్మంలో ఆగి రోజూ ఒక మాట అడుగుతుంది.

"ఏమైనా ఉందా అత్తయ్యా?"

"లేదమ్మాయ్."

"నిజంగా?"

"నిజంగానే తల్లీ."

అయినా ఆ పిల్ల వెంటనే కదలదు. చెప్పు కాలికి తొడుక్కుంటూ, ఆమె మొహంలోకి కాసేపు చూసి, అప్పుడు వెళుతుంది.