బాగా వెలిగిన బోర్డు

తడిస్పంజి మీద సోల్డరింగ్ ఐరన్ బిట్టును ఒక్క తుడుపు తుడిచింది పిన్ని. చుయ్యిమంది. కొనకు కాస్త కొత్త సోల్డరు తాకించి, ఎల్‌ఈడీ కాలు దగ్గర ఆనించి, ముందు సోల్డరు తీగ, ఆ తరవాత ఐరన్ తీసింది. అతుకు నున్నగా మెరిసింది.

ఆ షెడ్డులో అందరికీ ఆమె పిన్నే. ఆమెకన్నా పెద్దవాడైన యజమానికీ పిన్నే. ఇరవయ్యారేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు, పొట్టికాలి కింద అదే అట్టముక్క. ఆమెకు కోపం వచ్చేది ఒక్కదానికే: సాయంత్రం ఐరన్‌ను ఉత్తగా ఆర్పేసి పోతే. "కొనకు ఇంత సోల్డరు కప్పి ఆర్పండర్రా! లేకపోతే బిట్టు మాడి నల్లబడి చస్తుంది" అని దులిపేసేది.

ఇవాళ చెయ్యి ఆడుతోందిగానీ, మనసంతా గుమ్మం పక్కనున్న అట్టపెట్టె మీదే ఉంది. అందులో ఆసుపత్రికి వెళ్ళే ఇరవైనాలుగు బోర్డులు. రోగి మంచం పక్క మీట నొక్కితే నర్సు బల్ల దగ్గర వెలిగే దీపాలవి. నాలుగింటికి వ్యాను వస్తుంది.

ప్రతి ఎల్‌ఈడీకీ ఒక రెసిస్టర్, కరెంటుకు కళ్ళెంలాగ. దాని మీద మూడో గీత ఎరుపైతే వెయ్యి ఓములు, గోధుమరంగైతే వంద. వెయ్యి బదులు వంద పెడితే దీపం ధగధగా వెలిగి, నాలుగు రోజుల్లో గుటుక్కుమంటుంది.

మొన్న ఈ బోర్డులు వెలిగించి చూసిన టెస్టింగ్ అమ్మాయి మెచ్చుకుంది. "పిన్నీ, ఆ ఒక్క బోర్డు ఎంత బాగా వెలిగిందో! మిగతావన్నీ దాని ముందు దిగదుడుపే." పిన్ని మురిసిపోయింది కూడా. నిన్న కళ్ళ డాక్టరు ఒక అట్ట చూపించి రంగు చెప్పమంటే "గోధుమరంగు" అంది. "ఎరుపు, అత్తయ్యా" అని పక్కనున్న కోడలు మెల్లగా అంది. పిన్నికి ఆ మెచ్చుకోలు గుర్తొచ్చింది: ఎరుపనుకుని గోధుమగీతవి పెట్టెయ్యలేదు కదా?

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తెలిసేదల్లా మీట నొక్కి, ఎవరూ రాక, మంచం మీద ఎదురుచూసే మనిషికే. పిన్ని లేచి యజమాని దగ్గరికి వెళ్ళింది.

"ఆ పెట్టె విప్పించండి."

"సీలు వేసేశాం కదా పిన్నీ!"

"నా కళ్ళు రంగులు తప్పుతున్నాయి. ఒక బోర్డు పాడుచేశానేమోనని భయంగా ఉంది."

ఒంటికాలి మీద లేస్తాడనుకుంది. ఆయన బ్లేడు అందుకున్నాడు.

టెస్టింగ్ అమ్మాయి మీటరు పెట్టి చదవడం మొదలుపెట్టింది. "వెయ్యి... వెయ్యి... వెయ్యి..." పిన్ని చేతులు నలుపుకుంటూ నిలబడింది. పదిహేడో బోర్డు దగ్గర అమ్మాయి గొంతు తగ్గింది.

"వంద, పిన్నీ. ఆరు రెసిస్టర్లూ వందే. నేను మెచ్చుకున్నది ఇదే."

"హమ్మయ్య, దొరికింది!" పిన్ని స్టూలు మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చి ముక్కు కారింది.

మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఆరింటినీ ఎల్‌ఈడీలతో సహా ఆమే పీకింది. అమ్మాయి ఒక్కో రెసిస్టర్నీ మీటరుతో చూసి అందిస్తుంటే ఆమే అతికించింది. నాలుగుకు పది నిమిషాలుండగా ఆ బోర్డు కూడా మిగతావాటిలాగే వెలిగింది. మామూలు వెలుగు ఇంత ముద్దొస్తుందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

వ్యాను కదిలాక యజమాని అన్నాడు. "కళ్ళు బాగుచేయించుకుని వచ్చెయ్ పిన్నీ."

"ఇక రానండి. ఆపరేషన్ చేసినా సన్నపని వద్దన్నాడు డాక్టరు. నాకూ చాలు. ఎవరి దీపం ఎక్కడ ఆరిపోతుందోనని ఇరవయ్యారేళ్ళ బెంగ. ఇవాళ్టితో దిగిపోయింది."

నెత్తిమీది మూట దించుకున్నట్టు ఒక నిట్టూర్పు విడిచి, తన బల్ల దగ్గర రెండు నిమిషాలు ఏదో సర్దుకుంది. అన్నం డబ్బా చంకన పెట్టుకుని, రోజూలాగే "వస్తానర్రా" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున టెస్టింగ్ అమ్మాయి ఆ బల్ల దగ్గరికి వచ్చింది. ఐరన్ కొనకు సోల్డరు గుండ్రంగా, దిట్టంగా కప్పి ఉంది. స్విచ్ వేస్తే అది మెల్లగా కరిగి స్పంజి మీదికి జారింది. కింద బిట్టు తళతళలాడుతోంది.