ఏడో ప్రెస్సు కింద చెయ్యి

ఇనప రేకుల్ని దెబ్బ కొట్టి వంచే ప్రెస్సు ఎవరి వేళ్లనూ అడిగి తినదు. మా ఇంజనీరుగారి అన్నవి రెండు తినేసింది. ఆ ప్రెస్సు తమ్ముడైన ఈయన కనిపెట్టిందే. నిమిషానికి ముప్పై దెబ్బలు కొడుతుందని యాజమాన్యం ఆయనకు పతకం ఇచ్చింది. పతకం ఇచ్చిన వారానికే అన్న చేతికి కట్టు పడింది.

అప్పటినుంచి పదిహేనేళ్లుగా ఇంజనీరుగారికి కుదురు లేదు. కంచం పక్కన కాగితం పెట్టుకుని గీతలు గీస్తాడు. మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్నా పాదం ఆడుతూనే ఉంటుంది.

"దేవుడు మీతో ఒక్క మాట చెప్పాలన్నా వెనక పరిగెత్తాల్సిందే," అంటుంది కుట్టుపని చేసే ఆయన భార్య.

"ఆయన పరిగెత్తగలడే. అన్నయ్య వేళ్లే తిరిగి రావు."

నూనె తనే పోసుకునే బేరింగు చేశాడు, రేకును తోసే ఇనప చెయ్యి చేశాడు. చివరికి రెండు బటన్ల గార్డు చేశాడు. రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే ప్రెస్సు దిగుతుంది. ఇక నలగడానికి లోపల చెయ్యే ఉండదు. పన్నెండు ప్రెస్సులకూ బిగించాక పని నెమ్మదించింది. మేనేజరు గోల మొదలుపెట్టాడు.

"దీనివల్ల లాభమేంటో ఇవాళ చూపించండి. లేదంటే రేపే పన్నెండూ పీకించేస్తా."

తను చేసిన దేని కిందైనా మొదటి చెయ్యి తనదే ఉండాలని ఇంజనీరు పట్టు. కళ్లు మూసుకుని ప్రార్థిస్తాడు, ఆ తర్వాతే చెయ్యి పెడతాడు. ఆ రోజు ఏడో ప్రెస్సు దగ్గర నిలబడ్డాడు. దాన్ని నడిపేది తుపాకక్క. నోరు అలా పేలుతుందని ఆ పేరు.

"ఏం భక్తుడుగారూ, పైకి ఫోన్ కలిసిందా?" అన్నాడు మేనేజరు.

ఇంజనీరు కళ్లు తెరవలేదు. ఎడమ చెయ్యి లోపల పెట్టి, కుడి చేత్తో కుడి బటన్ ఒక్కటే నొక్కబోయాడు.

"ఆగండి సారూ!" తుపాకక్క ఆయన మణికట్టు పట్టి లాగేసింది. "ఎడమ బటన్ నొక్కుకునే ఉండేలా అందులో అట్టముక్క దూర్చాను. పొద్దున్నే. తియ్యడం మరిచాను."

"ఎందుకక్కా?"

"గోడ పలక మీద రాసిన రోజు లెక్క పూర్తవ్వాలి కదా! ఒక చేత్తో నొక్కి, రెండో చేత్తో రేకు తోస్తున్నా."

మేనేజరు నవ్వాడు. "చూశారా? వీళ్లకే అక్కర్లేదు. పీకేయండి."

ఆ లెక్క పలక మీద రాసింది మేనేజరే. ఆ మాట మాత్రం ఆయన ఎత్తలేదు.

ఇంజనీరు ఆ అట్టముక్క బయటికి లాగాడు. "దేవుడి మీద పెట్టాల్సిన నమ్మకం బటన్ మీద పెట్టాను. తప్పు నాది. నాలుగు రోజులివ్వండి."

ఇచ్చాడు. ఈయన ఎలాగూ ఓడిపోతాడని మేనేజరు అనుకున్నాడు.

"అక్కా, దీన్ని మోసం చెయ్యి. నీకు తెలిసిన దొంగదారులన్నీ చూపించు," అన్నాడు ఇంజనీరు.

"నన్ను దొంగను చేశారా సారూ?"

"గురువును చేశాను."

తుపాకక్క అట్ట పెట్టింది. ప్రతి దెబ్బకూ రెండు బటన్లూ పైకి లేచి, మళ్లీ ఒకేసారి నొక్కితేనే ప్రెస్సు కదిలేలా మార్చాడు. ఆమె ఒకటి చేత్తో, ఇంకోటి అదే చేతి మోచేత్తో నొక్కింది. బటన్లను దూరం జరిపాడు. ఆమె పొట్టతో నొక్కింది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నాక బటన్ల చుట్టూ గిన్నెల్లాంటి కప్పులు బిగించాడు.

నాలుగో రోజు అందరూ చూస్తుండగా తుపాకక్కే ఎడమ బటన్‌లో అట్ట దూర్చింది. ఇంజనీరు ప్రార్థించాడు. ఈసారి కళ్లు తెరిచే. ఆమె చేతుల్ని, బటన్లనూ చూస్తూ చెయ్యి లోపల పెట్టి, రెండో బటన్ నొక్కాడు.

ప్రెస్సు కదల్లేదు.

"సరే, ఉంచుకోండి," అన్నాడు మేనేజరు. "లెక్క మాత్రం తగ్గదు."

"అయితే వీళ్లు నాకు తెలియని దారి ఇంకోటి వెతుక్కుంటారు. లెక్క తగ్గేదాకా నా చెయ్యి ఇక్కడే ఉంటుంది."

"బెదిరిస్తున్నారా?"

"లేదండీ. నిలబడుతున్నాను."

తుపాకక్క చేతులు కట్టుకుంది. పక్క ప్రెస్సు ఆగింది. దాని పక్కది. పన్నెండూ ఆగాయి. అంత నిశ్శబ్దం ఆ షెడ్డు ఎప్పుడూ వినలేదు. ఇంజనీరు పాదం కూడా ఆడటం మానేసింది.

పదకొండు నిమిషాలకు మేనేజరు పలక దగ్గరికి వెళ్లి అంకె చెరిపి, చిన్నది రాశాడు.

ఇంజనీరు చెయ్యి బయటికి తీశాడు. పాదం మళ్లీ ఆడటం మొదలుపెట్టింది.

"అక్కా, ఆ పొట్ట సంగతి ఇంకోసారి చూద్దాం రా."